ముద్ర పట్టిన చేయి

గత ఏడాది రమజాన్ మాసంలో మదరసా సెలవుల కారణంగా మేము పది రోజులపాటు హైదరాబాదులో మా కుమార్తె ఇంట ఉన్నాము. తరావీహ్ నమాజు ముగించుకొని ఇంటికి చేరేసరికి మా మనుమడు, ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న బాలుడు, దివాన్ మీద ఒక మూలకు ఒదిగి కూర్చొని ఫోనులో మునిగి ఉండేవాడు. మొదటి రెండు రోజులు చూసీ చూడనట్లు ఊరకున్నాము. మూడవ రోజున మందలించాలనే ఉద్దేశంతోనే దగ్గరకు వెళ్ళాము. ఈ కాలపు ఆటలంటే తుపాకుల మోత, రక్తపాతం అన్నది మాకున్న అభిప్రాయం. అయితే ఆ ఫోనులో నుండి వినవచ్చిన శబ్దం వేరు. ధబ్. కొద్ది విరామం. మళ్ళీ ధబ్. ప్రభుత్వ కార్యాలయాల కిటికీల ముందు జీవితంలో గణనీయమైన భాగాన్ని నిలబడి గడిపిన మావంటి వారికి ఆ శబ్దాన్ని ఎవరూ పరిచయం చేయనక్కరలేదు. అది రబ్బరు స్టాంపు శబ్దం.

“ఏం చేస్తున్నావు బేటా?” అని అడిగాము.

“పాస్‌పోర్టులు చూస్తున్నాను నానాజాన్. ఈయన పర్మిట్ తేదీ దాటిపోయింది. లోపలికి రానివ్వకూడదు” అని తల ఎత్తకుండానే బదులిచ్చాడు.

మందలింపు నాలుక చివరనే ఆగిపోయింది. పదహారేళ్ళ బాలుడు రాత్రి పదిన్నర వేళ వినోదం కొరకు గుమాస్తా ఉద్యోగం చేయడమా? పక్కన కూర్చొని చూడసాగాము. సహరీ వేళ వరకు కాకపోయినా, మా కుమార్తె వచ్చి “అబ్బా, మీరు కూడానా!” అని ఆశ్చర్యపోయే వరకు కూర్చున్నామన్నది వాస్తవం.

ఆ ఆట పేరు ‘పేపర్స్, ప్లీజ్’. కాగితాలు చూపండి అని దాని అర్థం. లూకాస్ పోప్ అనే అమెరికా దేశస్థుడు జపానులో నివసిస్తూ దాదాపు తొమ్మిది నెలలు ఒంటరిగా శ్రమించి దీనిని రూపొందించాడు. 2013 ఆగస్టులో ఇది కంప్యూటర్లకు, 2022లో ఫోన్లకు వచ్చింది. 2014లో బ్రిటన్ వారి బాఫ్టా పురస్కారం పొందింది. ఆసియా దేశాలలో ప్రయాణిస్తూ విమానాశ్రయాలలో ఇమ్మిగ్రేషన్ అధికారుల ముందు నిలబడినప్పుడు తనకు ఈ ఆలోచన తట్టినదని ఆయన చెప్పాడు. అదే వరుసలో నిలబడి మనమందరం విసుగు చెంది ఊరుకుంటాము. ఆయన మాత్రం అద్దం అవతల కూర్చున్న మనిషి ఏమి ఆలోచిస్తూ ఉంటాడోనని ఆలోచించాడు.

కథాకాలం 1982 నవంబరు. అర్‌స్టోట్‌స్కా అనే కల్పిత దేశం పొరుగు దేశంతో ఆరేళ్ళ యుద్ధం ముగించి, గ్రెస్టిన్ అనే సరిహద్దు పట్టణంలో తనిఖీ కేంద్రం తెరిచింది. ఆటగాడు ఆ కేంద్రంలోని చిన్న గదిలో కూర్చునే అధికారి. ఆ ఉద్యోగం కూడా పరీక్ష వ్రాసి సంపాదించినది కాదు, ప్రభుత్వం తీసిన లాటరీలో పేరు వచ్చింది. భార్య, కుమారుడు, అత్తగారు, మామయ్య అతనిపై ఆధారపడి ఉన్నారు. నియమానుసారం చూసి పంపిన ఒక్కొక్క మనిషికి 5 క్రెడిట్ల కూలి. సాయంత్రం ఇంటి అద్దె, ఆహారం, చలికి వెచ్చదనం, ఎవరికైనా జబ్బు చేస్తే మందు, అన్నీ ఆ కూలిలోనే. తొలిరోజు స్వదేశీయులను మాత్రమే రానివ్వాలి. తరువాత ప్రవేశ టిక్కెట్టు, పర్మిట్, గుర్తింపు కార్డు, పని అనుమతి, టీకా పత్రం అని దినదినమూ నియమాలు పెరుగుతూ పోతాయి. నియమాలు పెరిగిన కొద్దీ చూడగలిగే మనుషుల సంఖ్య తగ్గుతుంది, కూలి తగ్గుతుంది, ఇంట్లో పొయ్యి చల్లబడుతుంది. ఉద్యోగి ఎందుకు చేయి చాస్తాడన్న విషయమై మేము ఎన్నో ఉపన్యాసాలు విన్నాము, కొన్ని ఇచ్చాము కూడా. ఈ లెక్క మాత్రం మాకు ఎవరూ ఇంత సూటిగా వేసి చూపలేదు.

ఇందులో నవ్వు లేదని కాదు. ఒక ముసలి మనిషి పిల్లలు రంగు పెన్సిళ్ళతో గీసినట్లున్న పాస్‌పోర్టు తెస్తాడు. దానిమీద భూమిపై లేని దేశం పేరు, కోబ్రాస్తాన్ అని ఉంటుంది. వెనక్కు పంపితే కోపగించుకోడు, సంతోషంగానే వెళ్ళి మరో కాగితంతో మళ్ళీ వస్తాడు. మా మనుమడు ఆయనను చూసినప్పుడల్లా నవ్వేవాడు. మాకు మాత్రం ఆయనలో మా మండల కార్యాలయం అరుగు మీద ఏళ్ళ తరబడి కనిపించే ఒక పెద్దమనిషి పోలికలు తోచాయి.

ఇక ఆ దంపతుల ఘట్టం. భర్త వచ్చాడు, కాగితాలు సక్రమం. వెళుతూ వెళుతూ, నా వెనుకే నా భార్య వస్తున్నది, ఆమెపట్ల దయ చూపండి అన్నాడు. భార్య వచ్చింది, ఆమె వద్ద ప్రవేశానుమతి లేదు. తిప్పి పంపితే తనను చంపుతారని వేడుకొన్నది. మనుమడు ఎర్ర ముద్ర, పచ్చ ముద్ర రెండింటినీ బయటకు లాగి మా వైపు చూశాడు.

“ఏం చేయమంటారు నానాజాన్?”

మేము తడుముకోకుండా రానివ్వమన్నాము. పచ్చ ముద్ర పడింది. ఆమె లోపలికి వెళ్ళిన మరుక్షణం గదిలోని యంత్రం కరకరమంటూ ఒక చీటీ కక్కింది. నియమ ఉల్లంఘన, హెచ్చరిక. మేము నొచ్చుకున్నాము. అబ్బాయి మాత్రం నిబ్బరంగా ఇలా అన్నాడు: “రోజుకు మొదటి రెండు తప్పులకు జీతం కోత లేదు నానాజాన్. అంటే రోజుకు రెండుసార్లు దయ చూపవచ్చు. మూడోసారి నుండి మన పొయ్యిమీదికి వస్తుంది.”

ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్న మాకు ఆ వాక్యం విన్న తరువాత కొంతసేపు నిద్ర పట్టలేదు. దయకు కోటా పెట్టినవాడెవడు? ఆట తయారుచేసినవాడా, లేక అతడు చూసిన లోకమా?

మరునాటి రాత్రి మరింత కష్టమైన ఘట్టం. కాగితాలలో దోషమున్న వారిని వెనక్కు పంపవచ్చు, లేదా నిర్బంధించమని పోలీసులకు అప్పగించవచ్చు. కాపలా గార్డు ఒకడు వచ్చి, నిర్బంధించిన వారి సంఖ్యను బట్టి మాకు బోనసు వస్తుంది, నీవు ఎక్కువమందిని అప్పగిస్తే అందులో నీకూ వాటా ఇస్తాను అన్నాడు. ఇది లంచమని ఎక్కడా వ్రాసి ఉండదు. ఆ వరుసలో నిలబడిన వారిలో ఎవరూ పైసా ఇవ్వరు. ఎవరి చేయీ బల్ల కిందికి పోదు. వెనక్కు పంపితే సరిపోయే మనిషి చెరసాలకు పోతాడు, అంతే తేడా. అతని పత్రంలో దోషమున్న మాట కూడా నిజమే కదా! ఆ రాత్రి మా మనుమడు నలుగురిని అప్పగించాడు. ఎందుకని అడిగితే, అత్తగారికి జబ్బు చేసింది, మందుకు డబ్బు చాలలేదు అన్నాడు. ఐదు పూటలా నమాజు చదివే పిల్లవాడు, వీధి కుక్కకు సైతం అన్నం పెట్టే పిల్లవాడు, ముక్కూ మొహం సరిగా లేని బొమ్మ మనుషులనైనా సరే, అమ్ముకున్నాడు. ఆ మాట అతడే అన్నాడు. “అమ్ముకున్నట్టే కదా నానాజాన్?” అని ఫోను బోర్లా పెట్టాడు.

వ్యంగ్యమనగానే మనకు కార్టూనులోని నేత లావాటి పొట్ట, చేతిలో నోట్ల కట్ట గుర్తుకు వస్తాయి. అది చూసి మనం నవ్వుతాము. నవ్వేటప్పుడు మనం ఆ పొట్టకు బయట, సురక్షితమైన చోట ఉంటాము. ఆట ఆ చోటును లాగివేస్తుంది. వీడియో గేములపై గ్రంథాలు వ్రాసిన ఇయాన్ బొగోస్ట్ అనే అమెరికా ఆచార్యుడు ఈ సంగతినే సిద్ధాంతీకరించాడు. ఆట మాటలతో కాక తన నియమాలతో వాదిస్తుందని ఆయన వాదన. మాకు ఇది కొత్తగా తోచలేదు. వైకుంఠపాళి ఎరుగని తెలుగువారు ఉన్నారా? సద్గుణం నిచ్చెన, దుర్గుణం పాము. అందులో కూడా ఉపదేశం పటం నియమాలలోనే ఇమిడి ఉన్నది. అయితే అక్కడ పాము కాటుకు కారణం పాచిక. ఏ పాపమూ ఎంచుకోకుండానే మనిషి కిందికి జారుతాడు. (పాచికల విషయమై మన ధర్మవేత్తల అభిప్రాయం పాఠకులకు తెలిసినదే, దానిని ఇక్కడ కదిలించబోము.) ఈ కొత్త ఆటలలో పాము నోటిలో కాలు పెట్టేది మనమే, కళ్ళు తెరిచి మరీ.

నియమాలతో వాదించే ఆటకు ఒక ప్రమాదం కూడా ఉన్నది. అమెరికాలో లిజ్జీ మాగీ అనే మహిళ 1904లో ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ అనే ఆటకు పేటెంటు పొందింది. భూమిని గుప్పిట పట్టినవాడు ఇతరుల అద్దెతో ఎలా బలుస్తాడో, తక్కినవారు ఎలా దివాలా తీస్తారో జనానికి చూపి అసహ్యం పుట్టించాలన్నది ఆమె ఆశయం. ఆట చేతులు మారింది. 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ దానినే ‘మొనాపలీ’ అనే పేరుతో అమ్మింది, ఆమె హక్కులకు 500 డాలర్లు చెల్లించింది. మన ఇళ్ళలో ‘బిజినెస్’ పేరుతో పిల్లలు ఆడేది దాని సంతానమే. ఇరుగుపొరుగును దివాలా తీయించి కేరింతలు కొట్టే పిల్లలలో ఒక్కరికైనా ఆ మహిళ ఆవేదన తెలుసునా? వ్యంగ్యం రాలిపోయింది, దురాశ మిగిలింది.

ఈ భయం ‘ట్రోపికో’ అనే ఆట విషయంలో మాకు మరింత కలిగింది. 2001లో ఇది మొదలై వరుసగా పలు భాగాలు వచ్చాయి. ఆటగాడు ఒక కరేబియన్ ద్వీపానికి అధ్యక్షుడు. ఇళ్ళు కట్టాలి, పంటలు పండించాలి, ఎన్నికలు జరపాలి, అవసరమైతే ఓట్ల లెక్క తారుమారు చేయాలి. కట్టడాల ఖర్చు పెంచి చూపి, ఆ తేడాలో కొంత స్విట్జర్లాండులోని తన సొంత ఖాతాకు మళ్ళించుకొనే వెసులుబాటు ఉన్నది. కొన్ని ఘట్టాలలో ఆ ఖాతాను నింపడమే లక్ష్యం. నేపథ్యంలో హుషారైన సంగీతం, నియంత చుట్టూ వందిమాగధుల హాస్యం. మనుమడి మిత్రుడొకడు దీనిని ఆడతాడు. అందులో నీకు తప్పు అనిపించినదేమిటి అని అడిగాము. అతడు కొంచెం ఆలోచించి, తొందరపడి ఎక్కువ తినకూడదు, తిరుగుబాటు వస్తుంది అన్నాడు. ఇది అవినీతిపై విమర్శ అవునో కాదో మేము చెప్పలేము, అవినీతికి మంచి శిక్షణ మాత్రం అవుతుంది. పైగా లంచగొండితనం అంటే ఏదో వేడి దేశాల, నల్లని గోధుమ రంగు మనుషుల వినోదభరితమైన అలవాటు అన్న ధోరణి కూడా ఆ హాస్యంలో కలిసి ఉన్నది. ఆ స్విస్ ఖాతా ఉన్నది ఏ చల్లని దేశంలోనో ఆ హాస్యం ఒక క్షణం ఆగి ఆలోచించినట్లు లేదు.

విచిత్రమేమంటే, మాకు ఇంత తేలికగా తోచిన ఆటకే ఒక ప్రభుత్వం భయపడింది. థాయ్‌లాండులో 2014 మే 22న సైన్యం అధికారం చేజిక్కించుకున్నది. ఆ ఆగస్టులోనే ‘ట్రోపికో 5’ అమ్మకాన్ని అక్కడి సెన్సారు అధికారులు నిలిపివేశారు. దేశ శాంతిభద్రతలకు భంగం కలుగవచ్చునన్నది వారు చెప్పిన కారణం. బొమ్మ నియంతను చూసి నిజమైన సైన్యాధికారులు ఉలికిపడ్డారు. ఏ ఆట ఎవరికి గుచ్చుకుంటుందో తయారుచేసినవారికి కూడా ముందుగా తెలియదు కాబోలు.

పైస్థాయి అవినీతిని మొహమాటం లేకుండా చూపినవాడు పావొలో పెదెర్చీని అనే ఇటలీ దేశస్థుడు. ‘మొల్లెయిందుస్త్రియా’ అనే పేరుతో 2003 నుండి చిన్న చిన్న ఆటలు రూపొందించి అత్యధిక భాగం ఉచితంగా పంచుతున్నాడు. 2006లో వచ్చిన ‘మెక్‌డొనాల్డ్స్ వీడియోగేమ్’లో ఆటగాడు పచ్చిక బయలు నుండి దుకాణం వరకు ఒక మహా వ్యాపారాన్ని నడుపుతాడు. అడవి నరకాలన్నా, ఫిర్యాదులు అణచాలన్నా ఆరోగ్యాధికారికి, పోషకాహార నిపుణునికి, రాజకీయ నాయకునికి చేయి తడిపే మీటలు అతని ముందు ఉంటాయి. 2008 నాటి ‘ఆయిలిగార్కీ’లో ఆటగాడు చమురు సంస్థ అధిపతి. టెక్సస్‌లో బావి తవ్వడంతో మొదలై వెనిజులా, నైజీరియా, ఇరాక్ వరకు పోతాడు. ఎన్నికల వేళ పార్టీలకు చందాలు పోస్తే, గెలిచినవారు అతని మాట వింటారు. చందా ఇక్కడ పడుతుంది, సైన్యం అక్కడ దిగుతుంది. పత్రికలలో వేర్వేరు పుటలలో చదివే రెండు వార్తలు ఒకే తెర మీద, ఒకే వ్రేలి కింద కనిపిస్తాయి. 2011లో ఆయన తెచ్చిన ‘ఫోన్ స్టోరీ’ అనే ఆట కాంగోలోని గనులలో బాలల శ్రమ నుండి పాకిస్తానులో విడదీసే ఎలక్ట్రానిక్ చెత్త వరకు మన చేతిలోని ఫోను కథను ఆ ఫోనులోనే చెప్పింది. ఆపిల్ సంస్థ దానిని కొద్ది కాలంలోనే తన దుకాణం నుండి తొలగించింది.

ఇవన్నీ పెద్దల సంగతులు. మేము మళ్ళీ ఆ చిన్న గదికే వస్తాము, ఎందుకంటే మనలో అధ్యక్షులు, చమురు అధిపతులు ఎవరూ లేరు. కిటికీకి ఇవతలో అవతలో నిలబడేవారమే మనమందరం. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప ప్రాంతాల నుండి గల్ఫుకు వెళ్ళినవారున్న ఇళ్ళలో పాస్‌పోర్టు మీది ఇ.సి.ఆర్. అనే మూడు అక్షరాల బరువు ఎంతో చెప్పనక్కరలేదు. అరబిక్‌లో ‘రిష్‌వా’ అనే పదానికి నిఘంటుకారులు ‘రిషా’తో బంధుత్వం చెబుతారు. రిషా అంటే బావిలో బొక్కెనను దించే తాడు. నీటిని అందుకొనేందుకు తాడు, పనిని అందుకొనేందుకు లంచం. మన తెలుగులో ఇంకొక మాట ఉన్నది, ‘మామూలు’. అది కూడా అరబిక్ నుండి వచ్చినదే. ఆచరణలో ఉన్నది అని దాని మూలార్థం. “ఎలా ఉన్నారు?” అంటే “మామూలే” అంటాము. “ఆ సారుకు ఏమివ్వాలి?” అంటే “మామూలే” అంటాము. ఒకే మాట ఈ రెండు చోట్లా ఎబ్బెట్టు లేకుండా అమరిన భాషలో లంచం గురించి ప్రత్యేకంగా వ్యంగ్యం వ్రాయవలసిన పని ఉన్నదా అని ఒక్కొక్కసారి అనిపిస్తుంది.

“మీరెప్పుడైనా ఇచ్చారా నానాజాన్?” అని ఆ రోజుల్లోనే ఒకనాడు మనుమడు అడిగాడు. ఇచ్చాము. చాలా ఏళ్ళ క్రిందట, మా అమ్మగారి హజ్ ప్రయాణానికి పాస్‌పోర్టు కావలసి, ఒక కార్యాలయం చుట్టూ మూడుసార్లు తిరిగాము. నాలుగవసారి బయట చాయ్ దుకాణం దగ్గర ఒక మనిషి రెండు వందలు అన్నాడు. ఇచ్చిన వారం రోజులకు పని అయింది. తనకు న్యాయంగా రావలసిన హక్కును పొందేందుకు మరో మార్గమే లేనప్పుడు ఇచ్చినవానిపై దోషం లేదనీ, దోషం పుచ్చుకున్నవానిదేననీ అనేకమంది ధర్మవేత్తలు చెప్పారు. ఆ మాటతో మా మనసుకు జోలపాట పాడుకున్నాము. మన దేశ చట్టం ఇంతకంటె కఠినమైనది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజులలోగా ఫిర్యాదు చేస్తే రక్షణ ఉన్నది. మేము ఇచ్చిన నాటికి ఆ సవరణ లేదు. కాని చట్టం సంగతి అటుంచి, మరో మార్గమే లేదా అన్న ప్రశ్నను మేము ఆనాడు వేసుకోనేలేదు. పైఅధికారికి ఒక అర్జీ వ్రాయలేదు. మాకు తొందర ఉన్నది, అంతే. ఈ మాట అబ్బాయికి చెప్పడానికి ఆ ఒక్క రాత్రిలో మాకు మూడు కప్పుల చాయ్ పట్టింది.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక చేయకపోతే బాధ్యత తీరదు. ఈ ఆట చిన్న పిల్లలకు తగినది కాదు. అందులో బాంబు దాడులు, మాదకద్రవ్యాల రవాణా, స్త్రీలను వంచించే దుర్మార్గుని ప్రస్తావన ఉన్నాయి. తనిఖీలో భాగంగా ఎక్స్‌రే వంటి యంత్రంతో మనుషుల వివస్త్ర చిత్రాలు తీసే ఘట్టం ఉన్నది. 2014లో ఐప్యాడ్‌కు వచ్చినప్పుడు ఆపిల్ సంస్థ దీనిమీదనే అభ్యంతరం తెలిపి, తరువాత సడలించింది. సెట్టింగులలో ఆ చిత్రాలను కప్పివేసే ఏర్పాటు ఉన్నది. మా మనుమడు మేము చెప్పకముందే దానిని కప్పి ఉంచాడు, లేకుంటే మేము రెండవ రోజు అక్కడ కూర్చునేవారమే కాము. పదవ తరగతి దాటిన పిల్లలతో, అదీ పక్కన కూర్చొని మాట్లాడే ఓపిక ఉన్నప్పుడు మాత్రమే.

మేము అసలు ఈ వ్యాసం వ్రాయడానికి కారణమైన ఘట్టం ఇంకా చెప్పలేదు. కొన్ని రోజుల పని తరువాత ఒక రహస్య సంఘం వారు ఆ అధికారికి 1000 క్రెడిట్ల కానుక పంపుతారు. ఐదైదుగా కూడబెట్టేవానికి వెయ్యి! వెంటనే అడిగేది ఏమీ ఉండదు. ఉంచుకోవచ్చు, కాల్చివేయవచ్చు. మనుమడు ఉంచుకున్నాడు. ఇరుగుపొరుగువారు ఆ కొత్త సిరి చూసి ఫిర్యాదు చేశారు. ప్రభుత్వం దాచుకున్న సొమ్మంతా పట్టుకుపోయింది, ఆ వెయ్యితో బాటు అతడు ఒళ్ళు వంచి సంపాదించిన ఐదులు కూడా. “నాది కూడా తీసుకుపోయారు నానాజాన్, నా సొంతది!” అని వాపోయాడు. జకాతు వసూలుకు వెళ్ళి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చినది అని వేరు చేసిన వ్యక్తిని గురించి దైవప్రవక్త (స) మింబరుపై నుండి వేసిన ప్రశ్న పాఠకులకు సుపరిచితమే. తల్లిదండ్రుల ఇంట కూర్చొని ఉంటే ఆ కానుక అతని ఇంటికి నడిచి వచ్చేదా అని. ఆ హదీసును ఎన్ని తరగతులకు బోధించామో లెక్క లేదు. ఆ రాత్రి మాత్రం అది మా వైపు తిరిగి నిలబడింది.

మా మదరసాలో చదివి, ఆపై ప్రైవేటుగా డిగ్రీ చేసి, ప్రభుత్వ ఉద్యోగం సంపాదించిన శిష్యుడు ఒకడు ఉన్నాడు. ఏ కార్యాలయమో చెప్పము. జనం పనుల మీద వచ్చే కిటికీ అతనిది. పదకొండేళ్ళుగా, షవ్వాల్ నెలలో మదరసా తెరిచే వేళకు పిల్లల వంటశాలకు నాలుగు బస్తాల బియ్యం పంపుతున్నాడు. మేము ప్రతి ఏటా దుఆ చేసి, రసీదు వ్రాసి, పుచ్చుకున్నాము. అతని జీతం ఎంతో మాకు తెలుసు. అతడు కట్టిన ఇల్లు చూశాము. గృహప్రవేశానికి పిలిస్తే వెళ్ళి భోంచేశాము. ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగితే బస్తాలు ఆగిపోతాయేమోనన్న భయం ఉండినదా అంటే, ఉండినది. నలభై మంది పిల్లలకు రెండు పూటలా వండి పెట్టే వంటశాలలో నాలుగు బస్తాలంటే చిన్న సంగతి కాదు.

గత ఏడాది షవ్వాల్‌లో అడుగుదామనుకొని అడగలేకపోయాము. బస్తాలు దిగాయి, రసీదు వ్రాశాము. ఈ ఏడాది ట్రాలీ ఆటో వచ్చి ఆగగానే, బస్తాలు దించకముందే అతనిని మా గదిలోకి పిలిచి, తలుపు దగ్గరకు వేసి అడిగాము. “నాయనా, ఇది పూర్తిగా నీ జీతంలోనిదేనా?”

అతడు చాలాసేపు చాప మీది అల్లికను చూస్తూ కూర్చున్నాడు. “పదకొండేళ్ళ తరువాత అడుగుతున్నారు హజ్రత్” అన్నాడు.

“ఆలస్యమయింది. ఆ తప్పు మాది” అన్నాము.

“ఏది ఏదని చెప్పాలి హజ్రత్? అంతా ఒకే బీరువాలో కలిసిపోయి ఉంటుంది. ఏ నోటు ఏదో నాకే తెలియదు.”

అతనిపై మాకు కోపం రాలేదు. ఆ నెల ఇంటి ఖర్చులు, కూతురి కాలేజీ ఫీజు, తల్లి డయాలసిస్ గురించి అతడే కొంత చెప్పాడు. సాకుగా చెప్పలేదు, లెక్కగా చెప్పాడు. ఫోను తెర మీద ప్రతి సాయంత్రం కనిపించే అద్దె, ఆహారం, మందుల పట్టిక మా కళ్ళ ముందు కదిలింది. మేము ఏమీ అనకముందే లేచి సలాం చేసి బయటకు వెళ్ళాడు. దించబోతున్న కుర్రవాణ్ణి వద్దని, బండి వెనక్కు తిప్పించాడు. ఆ వారం వంట మనిషి కిరాణా కొట్టులో బియ్యం అరువు తెచ్చాడు. ఆ బాకీ ఇంకా పూర్తిగా తీరలేదు.

అతడు ఇక రాడనే అనుకున్నాము. బక్రీద్ నాడు నమాజు తరువాత వచ్చాడు, వట్టి చేతులతో. చిన్నతనంలో పాఠానికి కూర్చునే కిటికీ పక్క చోటులోనే కూర్చొని, పిల్లలతో కలిసి సేమియా తిని, చీకటి పడే వరకు ఉండి వెళ్ళాడు.